పొటాష్ వేసే ముందు మట్టిని అడుగుదాం



మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల క్యాంపస్‌ల మధ్య ప్రతి ఏటా తోటల పోటీ జరుగుతుందని మీకు తెలుసు. పిల్లలు ఆరేడు నెలలు కష్టపడి కుండీలు, మడులు పెంచుతారు. సంక్రాంతి సెలవుల తర్వాత జడ్జీలు వచ్చి మార్కులు వేస్తారు. పూల సైజుకు కొన్ని మార్కులు, కాయల సంఖ్యకు కొన్ని, ఆకుల పచ్చదనానికి కొన్ని, తోట శుభ్రతకు కొన్ని. మట్టికి మాత్రం ఒక్క మార్కు కూడా లేదు. ఈ పద్ధతి మారాలన్నది నా అభిప్రాయం. ఎందుకు మారాలో, దానికి బదులు ఏం చేయాలో ఈ వ్యాసంలో మీ ముందు పెడుతున్నాను.

పోటీ దగ్గర పడే కొద్దీ పిల్లల సంచుల్లో చిన్న చిన్న పొట్లాలు కనిపిస్తాయి. "మా నాయన ఇచ్చినాడు మేడం, పొటాష్ వేస్తే కాయ బాగా ఊరుతుందంట" అంటారు. ఇచ్చిన తండ్రి ఉద్దేశం మంచిదే. మన తల్లిదండ్రుల్లో చాలామందికి చీనీ తోటో, అరటి తోటో, శనగ చేనో ఉంది. తోటలో మిగిలిన ఎరువు పిల్లవాడి కుండీకి పనికొస్తుందని అనుకోవడం సహజం. కానీ చేనుకు సరిపోయే ఎరువు కుండీకి సరిపోవాలని లేదు. పులివెందుల ఎర్ర నేలకు సరిపోయేది జమ్మలమడుగు నల్లరేగడికి సరిపోవాలని లేదు. ఈ తేడా పిల్లలకు నేర్పకుండా మార్కులు మాత్రం వేస్తే, "ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిది" అనే పాఠాన్ని మనమే నేర్పుతున్నట్టు. రేపు వీళ్లలో కొందరు ఆ చీనీ తోటలకు యజమానులవుతారు. ఇంకొందరు వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తూనే, ఏ బస్తా కొనాలో ఫోన్లో చెప్పేవాళ్లవుతారు. అందుకే ఇది ఆటవిడుపు విషయం కాదంటున్నాను.

పొటాషియం మంచిదే, మొక్కకు కావాలి

ముందుగా ఒక మాట. నేను పొటాష్‌కు వ్యతిరేకిని కాను. నత్రజనితో పాటు మొక్క పెద్ద మొత్తంలో తీసుకునే పోషకం పొటాషియమే. ఆకుల మీద ఉండే సన్నని రంధ్రాలు తెరుచుకోవడం, మూసుకోవడం దీని వల్లే సాధ్యం. అంటే మన కడప ఎండల్లో మొక్క తన నీటిని కాపాడుకోవాలంటే పొటాషియం ఉండాలి. ఆకులో తయారైన చక్కెర కాయకు చేరడంలోనూ దీని పాత్ర పెద్దది. కాయ బరువు, తీపి, నిల్వ గుణం, తెగుళ్లను తట్టుకునే శక్తి, అన్నిటిలోనూ దీని చేయి ఉంది.

అరటి అయితే పొటాష్‌ను ప్రత్యేకంగా కోరే పంట. గ్రాండ్ నైన్ రకానికి ఒక్కో చెట్టుకు 200 నుంచి 300 గ్రాముల పొటాష్ అందేలా ఎరువు వేయాలని సిఫార్సు చేస్తారు. 300 గ్రాములంటే మామూలు పొటాష్ ఎరువు అర కిలో. దాన్ని ఒకేసారి కుమ్మరించరు, విడతలుగా ఇస్తారు. పులివెందుల చుట్టుపక్కల డ్రిప్ పైపుల గుండా రోజు విడిచి రోజు కొద్దికొద్దిగా ఇచ్చే రైతులకు ఈ లెక్క నాకంటే బాగా తెలుసు. నేను చెప్పేదల్లా ఒకటే. ఆ లెక్క అరటి చెట్టుకు. బడి కుండీలోని వంగ మొక్కకు లెక్క వేరు.

బస్తా మీది అంకెలు చదవడం

ఎనిమిదో తరగతి పిల్లలను 'కె' అంటే ఏమిటని అడిగితే వెంటనే "పొటాషియం" అంటారు. మరి పి అక్షరంతో మొదలయ్యే పేరుకు కె గుర్తు ఎందుకు వచ్చిందంటే ఆలోచనలో పడతారు. లాటిన్‌లో దాన్ని కాలియం అంటారు. ఆ మాట బూడిదను సూచించే అరబిక్ మాట నుంచి వచ్చింది. ఇంగ్లీషులో పొటాష్ అన్న మాట కూడా బూడిద నుంచి పుట్టిందే. కట్టెల బూడిదను నీళ్లలో నానబెట్టి, ఆ తేటను కుండల్లో మరిగిస్తే అడుగున మిగిలేది 'పాట్ యాష్', అంటే కుండ బూడిద. అందులోంచి వచ్చిన లోహాన్ని 1807లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త విద్యుత్తుతో విడదీసి పొటాషియం అని పేరు పెట్టాడు. 1861 నుంచి జర్మనీలోని స్టాస్‌ఫుర్ట్‌లో పొటాష్ గని తవ్వకాలు మొదలయ్యాక బూడిద స్థానంలో గని ఉప్పు వచ్చింది. ఈ రోజు మన అంగట్లో దొరికే పొటాష్ అదే కోవకు చెందినది. పాత సముద్రాలు ఎండిపోగా భూమి లోపల మిగిలిన ఉప్పు అది.

ఇంకో సంగతి. మనం వాడే మామూలు పొటాష్ దాదాపు మొత్తం విదేశాల నుంచే వస్తుంది. కెనడా, రష్యా, బెలారస్, జోర్డాన్, ఇజ్రాయెల్ లాంటి దేశాలు పంపిస్తాయి. అందుకే ఎక్కడో యుద్ధం జరిగితే ప్రొద్దుటూరు ఎరువుల అంగట్లో ధర మారుతుంది. 2022లో 50 కిలోల బస్తా 1,700 రూపాయలకు చేరింది. ఆ సంవత్సరం రైతుల ఇళ్లలో ఈ మాట వినని పిల్లలు ఉండరు. అంత ఖర్చు పెట్టి, ఓడల్లో తెప్పించుకునే వస్తువును అవసరం లేని చోట పోయడం నష్టం మీద నష్టం.

ఇక బస్తా మీది అంకెలు. మూడు అంకెలు వరుసగా ఉంటాయి. మొదటిది నత్రజని, రెండోది భాస్వరం, మూడోది పొటాష్. మన దగ్గర దొరికే ముఖ్యమైన రకాలు ఇవి.

మురియేట్ ఆఫ్ పొటాష్, 0-0-60. రైతులు పొటాష్ అని పిలిచేది దీన్నే. ఎర్రగానో, తెల్లగానో ఉంటుంది. ఎరుపు అందులోని కొద్దిపాటి ఇనుము మలినం వల్ల వచ్చేదే, బలానికి గుర్తు కాదు.

సల్ఫేట్ ఆఫ్ పొటాష్, 0-0-50. ఇందులో గంధకం కూడా 17 శాతానికి పైగా ఉంటుంది. ధర ఎక్కువ.

పొటాషియం నైట్రేట్, 13-0-45. నత్రజని, పొటాష్ రెండూ ఉంటాయి. నీటిలో తేలిగ్గా కరుగుతుంది కాబట్టి డ్రిప్‌లోనూ, పిచికారీలోనూ వాడతారు. మన పెద్దలు సూరేకారం అనేది ఇదే.

మూడో అంకెలోనూ ఒక మెలిక ఉంది. అది నేరుగా పొటాషియం శాతం కాదు. పాత అలవాటు ప్రకారం పొటాషియం ఆక్సైడ్ లెక్కలో రాస్తారు. అసలు పొటాషియం కావాలంటే ఆ అంకెను 0.83తో గుణించాలి. 50 కిలోల మురియేట్ బస్తాలో మూడో అంకె ప్రకారం 30 కిలోలు. గుణిస్తే అసలు పొటాషియం సుమారు 25 కిలోలు. మరి మిగతా సగం ఏమిటి? అందులో దాదాపు 23 కిలోలు క్లోరైడ్. మనం కూరలో వేసుకునే ఉప్పులో ఉండే క్లోరైడే. ఏడో తరగతి పిల్లవాడు కూడా చేయగల లెక్క ఇది. కానీ ఇంట్లో బస్తా ముందు నిలబడి ఈ లెక్క చేసిన పిల్లలు ఎంతమంది ఉంటారు?

మన నేల, మన నీళ్లు

క్లోరైడ్ అనగానే భయపడనక్కరలేదు. మొక్కకు అది కూడా చాలా కొద్దిగా కావాలి. వానలు బాగా కురిసే చోట, నీరు బాగా ఇంకే నేలలో అది కిందికి కొట్టుకుపోతుంది. మన సమస్య ఏమిటంటే, మనకు వాన తక్కువ, ఎండ ఎక్కువ. పెన్న పక్కన ఉన్నా, కె.సి. కాలువ కింద ఉన్నా, చిత్రావతి నీళ్లు వచ్చినా, ఇంటి తోటలకు, బడి తోటలకు ఎక్కువగా దిక్కు బోరు నీళ్లే. చాలా బోర్లలో నీళ్లు ఉప్పగానో, సవ్వగానో ఉంటాయి. కుండీ అంచున, మడి గట్టున తెల్లని పొర కనిపిస్తుందే, అది నీళ్లు ఆవిరైపోగా మిగిలిన ఉప్పు. దాని మీద ఇంకో ఉప్పు తెచ్చి వేస్తున్నామన్న సంగతి గుర్తుండాలి.

నేల సంగతి చూద్దాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి ఎక్కువ. ఈ బంకమట్టి పొటాషియాన్ని పట్టి ఉంచుకుంటుంది. అందుకే నల్లరేగడి నేలలకు పరీక్ష చేయిస్తే పొటాష్ సాధారణంగా ఎక్కువ అనే వస్తుంది. పైగా మనది సున్నపురాయి సీమ. నాపరాళ్లు ఇక్కడివే, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చింది ఆ రాయి కోసమే. అలాంటి రాయి నుంచి ఏర్పడిన మట్టిలో సున్నం ఉంటుంది, క్షార గుణం ఉంటుంది. ఉదజని సూచిక 8 దాటడం మామూలే. ఆ స్థితిలో ఇనుము, జింకు మట్టిలో ఉన్నా మొక్కకు అందవు. లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి, మధ్యభాగం పసుపు పచ్చగా మారితే అది ఇనుము అందకపోవడం వల్ల కావచ్చు. దానికి పొటాష్ మందు కాదు.

పులివెందుల వైపు ఎర్ర నేలలు, గరప నేలలు ఉన్నాయి. వీటిలో బంక తక్కువ, పొటాష్‌ను దాచుకునే శక్తి కూడా తక్కువ. అక్కడ పొటాష్ లోటు ఉండే అవకాశం ఎక్కువ. అయితే అక్కడే చీనీ తోటలు కూడా ఎక్కువ. చీనీ, నిమ్మ జాతి చెట్లు క్లోరైడ్‌ను అంతగా ఓర్చుకోలేవు. చిక్కుడు, బీన్స్ కూడా అంతే. అంటే పొటాష్ కావలసిన చోటే, ఏ రకం పొటాష్ అన్నది చూసుకోవాలి.

ఒకే లక్షణం, రెండు జబ్బులు

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. పొటాషియం తక్కువైతే ముందు ముదురు ఆకుల అంచులు మాడతాయి. మన పుస్తకాల్లోనూ అదే రాసి ఉంటుంది. కానీ ఉప్పు ఎక్కువైనా ముదురు ఆకుల కొనలు, అంచులే మాడతాయి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఆకు అంచు మాడిందని పొటాష్ వేస్తాం. అది నిజానికి ఉప్పు వల్ల వచ్చిన మాడు అయితే, వేసిన పొటాష్ ఇంకొంత ఉప్పు అవుతుంది. అంచు ఇంకా మాడుతుంది. మళ్లీ వేస్తాం. ఆకును మాత్రమే చూసి మందు వేసే వైద్యంలో ఉన్న ప్రమాదం ఇది. బిడ్డకు నుదురు వేడిగా ఉందని పరీక్ష లేకుండా ఏదో ఒక మాత్ర మింగించం కదా. మొక్క విషయంలో మాత్రం ఎందుకు తొందర?

అలాగే పొటాష్ మరీ ఎక్కువైతే మెగ్నీషియం, కాల్షియం వేర్లలోకి వెళ్లడానికి అడ్డుపడుతుంది. మెగ్నీషియం లేకపోతే ఆకుపచ్చదనమే ఉండదు. పచ్చదనం కోసం వేసిన ఎరువే పచ్చదనాన్ని తగ్గిస్తుందన్నమాట.

ఒక చెంచా లెక్క

పిల్లలతో చేయించదగ్గ ఇంకో లెక్క చెబుతాను. ఎకరం నేలలో పైపొర మట్టి, అంటే జానెడు కంటే కొంచెం తక్కువ లోతు, 15 సెంటీమీటర్ల వరకు, బరువు దాదాపు 9 లక్షల కిలోలు ఉంటుంది. దానికి ఒక బస్తా, అంటే 50 కిలోల మురియేట్ వేస్తే, కిలో మట్టికి వచ్చేది గ్రాములో పద్దెనిమిదో వంతు. మన బడిలో వాడే పెద్ద కుండీలో మట్టి 15 కిలోలు అనుకుందాం. ఆ లెక్కన కుండీకి అందాల్సింది ఒక్క గ్రాము కూడా కాదు, 0.83 గ్రాము. టీ చెంచాతో ఒక చెంచా వేస్తే దాదాపు 5 గ్రాములు. అంటే ఎకరానికి 6 బస్తాలు వేసినట్టు! ఏ రైతూ తన చేలో ఒక్కసారిగా అన్ని బస్తాలు వేయడు. కుండీలో మాత్రం ఒక చెంచా ఎంతో తక్కువగా కనిపిస్తుంది. కంటికి కనిపించేదానికీ, లెక్కకూ మధ్య తేడా ఇది. చేలో అయితే వేరు పక్కకు పోయి తప్పించుకోవచ్చు, వాన వచ్చి ఉప్పును కిందికి తోయవచ్చు. కుండీలో వేరు పోవడానికి చోటు లేదు.

మరి ఏది ఎంచుకోవాలి?

నా సూచన ఇది. మట్టి పరీక్షలో పొటాష్ ఎక్కువ అని వస్తే, ఏ పొటాషూ వద్దు. ఆ డబ్బుతో పేడ ఎరువు కొనండి. మధ్యస్థం అని వస్తే, బాగా మాగిన పశువుల ఎరువు, ఆకుల కంపోస్టు, అరటి బోదె కంపోస్టు సరిపోతాయి. తక్కువ అని వస్తే, కంపోస్టుతో పాటు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడవచ్చు. లీటరు నీళ్లలో ఒక గ్రాము కరిగించి, పూత, కాత సమయంలో నెలకు ఒకసారి పెద్ద కుండీకి పోస్తే చాలు.

మురియేట్ కంటే సల్ఫేట్ ఎందుకు? ఎరువులు మట్టి నీటిలో ఉప్పదనాన్ని ఎంత పెంచుతాయో చెప్పడానికి ఉప్పు సూచిక అనే కొలత ఉంది. సోడియం నైట్రేట్‌ను 100గా తీసుకుంటే మురియేట్ ఆఫ్ పొటాష్ సుమారు 116, పొటాషియం నైట్రేట్ సుమారు 74, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ సుమారు 46. ఉప్పు నీళ్లతో తడిపే కుండీకి వీటిలో ఏది మేలో ఈ మూడు అంకెలే చెబుతాయి. ధర ఎక్కువే, నిజం. కానీ తోట మొత్తానికి ఏడాదికి కిలో కూడా పట్టదు. అయితే సల్ఫేట్ కూడా ఉప్పే. తక్కువ హాని చేస్తుందని ఎక్కువ వేస్తే ప్రయోజనం లేదు.

పొటాషియం నైట్రేట్‌ను పిల్లల చేతికి ఇవ్వవద్దని నా గట్టి అభిప్రాయం. మంటను ఎగదోసే గుణం దానిది, టపాకాయల మందులో సూరేకారం ఉండేది అందుకే. పెద్దలు డ్రిప్‌లో వాడుకోవడం వేరు, బడి స్టోర్ రూములో ఉంచడం వేరు.

బూడిద గురించి చాలామంది అడుగుతారు. "అవ్వ పొయ్యి బూడిద చల్లేది, కాయలు బాగా కాసేవి" అంటారు. బూడిదలో పొటాష్ ఉన్న మాట వాస్తవం. కానీ బూడిద క్షారం. మట్టి పులుపుగా ఉండే వానసీమల్లో అది రెండు విధాలా మేలు చేస్తుంది. ఇప్పటికే సున్నం ఎక్కువై క్షారంగా ఉన్న మన నేలలో క్షార గుణాన్ని ఇంకా పెంచుతుంది. ఎర్ర నేలలో, పరీక్షలో ఉదజని సూచిక 6.5 కంటే తక్కువగా వస్తే పిడికెడు చల్లుకోండి. నల్లరేగడిలో వద్దు.

అరటి తొక్కల నీళ్లు వాట్సాప్‌లో బాగా తిరుగుతున్నాయి. అందులో హాని లేదు, అద్భుతమూ లేదు. పచ్చి తొక్కలో ఎక్కువ భాగం నీరే. దానికంటే మన సీమలో మేలైన వస్తువు అరటి బోదె. గెల కోసిన తర్వాత చెట్టు తీసుకున్న పొటాషియంలో పెద్ద వాటా బోదెలోనూ, ఆకుల్లోనూ మిగిలి ఉంటుంది. పులివెందుల తోటల్లో బోదెలు గుట్టలుగా పడి ఉంటాయి. గెలతో పాటు మన మట్టిలోని పొటాష్ లారీలెక్కి వేరే ఊళ్లకు, ఓడలెక్కి వేరే దేశాలకు పోతోంది. కనీసం బోదెలో మిగిలినదాన్ని మట్టికి తిరిగి ఇవ్వడం మన చేతిలో ఉంది. తెగులు లేని చెట్ల బోదెలు చిన్న ముక్కలుగా నరికి, పేడ, ఎండుటాకులు కలిపి, తడి ఆరకుండా ఉంచి, అప్పుడప్పుడు తిరగేస్తే కొన్ని నెలల్లో మంచి కంపోస్టు అవుతుంది. వరిగడ్డి కూడా ఇలాంటిదే. వరి మొక్క తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలో కాదు, గడ్డిలోనే ఉంటుంది. కె.సి. కాలువ కింద వరి పండించే తల్లిదండ్రులు నాలుగు మోపుల గడ్డి ఇస్తే, మడుల మీద పరిచి తేమనూ కాపాడవచ్చు, పొటాష్‌నూ ఇవ్వవచ్చు.

కొన్ని అభ్యంతరాలు

"మా చీనీ చెట్లకు ఏళ్ల తరబడి మురియేటే వేస్తున్నాం, బాగానే కాస్తున్నాయి కదా" అని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నీళ్లు మంచివై, నేల ఒండై, మోతాదు సరిగా ఉంటే మురియేట్‌తో నష్టం కనబడకపోవచ్చు. అరటి దాన్ని బాగానే తట్టుకుంటుంది. ధరలో తేడా చూస్తే ఎకరాల మీద సేద్యం చేసే రైతుకు అదే గిట్టుబాటు. నేను రైతులకు సేద్యం నేర్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. నేల, నీరు తెలిసిన అనుభవం మీకు ఉంది. ఆ అనుభవం లేని పిల్లవాడి చేతికి అదే ఎరువు వెళ్తే జరిగేది వేరన్నదే నా మాట.

"అసలు రసాయనాలే వద్దు, అంతా సేంద్రియమే చేయండి" అనే తల్లిదండ్రులూ ఉన్నారు. వారి ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ మొక్క వేరు తీసుకునేది పొటాషియం అయాన్‌నే, అది బోదె నుంచి వచ్చినా, బస్తా నుంచి వచ్చినా ఒకటే. కంపోస్టు గొప్పదనం అందులోని పొటాష్ కంటే, అది మట్టిని గుల్లగా చేయడంలో, నీటిని పట్టడంలో, సూక్ష్మజీవులకు తిండి పెట్టడంలో ఉంది. అందుకే కంపోస్టు ఎప్పుడూ వేయాలి. బస్తా మాత్రం పరీక్ష అడిగినప్పుడే వేయాలి. పరీక్ష చేయకుండా మోయలేనంత పేడ వేసినా, కుండీలో ఉప్పు పెరగవచ్చు. పేరు సేంద్రియమైనంత మాత్రాన కొలత అక్కరలేదనుకోకూడదు.

"పదో తరగతి మార్కులు, ఫౌండేషన్ క్లాసులు ఉండగా ఈ మట్టి గోల ఎందుకు" అనేవాళ్లు కూడా ఉన్నారు. ఉదజని సూచిక, లవణాలు, అయాన్లు, శాతాలు, నిష్పత్తులు, ఇవన్నీ సిలబస్‌లోనివే. ఇంగ్లీషు మీడియంలో నిర్వచనం అప్పజెప్పగలిగిన పిల్లవాడు, తన ఇంటి పెరట్లోని తెల్లని పొర ఏమిటో చెప్పలేకపోతే, మనం కట్టే ఫీజుకు సగం చదువే వచ్చినట్టు.

ఈ ఏడాది ఏం చేద్దాం

నేను మేనేజ్‌మెంట్ ముందు, మీ ముందు పెడుతున్న ప్రతిపాదనలు మూడు.

ఒకటి, తోటల పోటీలో సగం మార్కులు మట్టికి ఇవ్వాలి. మట్టి పరీక్ష చేయించారా, దాని ప్రకారమే ఎరువు వేశారా, వేసిన ప్రతి గ్రామూ నోటు పుస్తకంలో రాశారా, కంపోస్టు సొంతంగా చేశారా అని చూడాలి. చిన్న పూలు పూసినా లెక్క సరిగా రాసిన తోట, పెద్ద పూలు పూసి లెక్క లేని తోట కంటే ముందుండాలి.

రెండు, ప్రతి క్యాంపస్ తోటకూ నాట్లకు ముందు మట్టి పరీక్ష తప్పనిసరి చేయాలి. కేంద్ర ప్రభుత్వం 2015 ఫిబ్రవరి 19న మొదలుపెట్టిన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో 12 అంశాలు చూస్తారు. ఉదజని సూచిక, లవణాల మోతాదు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, వాటితో పాటు జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. చాలామంది తల్లిదండ్రుల ఇళ్లలో ఈ కార్డు బీరువాలో భద్రంగా ఉంటుంది. దాన్ని తీసి పిల్లలతో చదివించండి. అందులో ముందు చూడాల్సింది పొటాష్ గడి కాదు, లవణాల గడి. అది 1 కంటే తక్కువ ఉంటే మామూలు. అంతకు మించితే ఎరువు కంటే ముందు నీళ్ల సంగతి, నీరు బయటికి పోయే దారి సంగతి చూడాలి. సోడియం ఎక్కువై చౌడు పట్టిన నేలకు పొటాష్ మందు కాదు, పరీక్ష చూసి జిప్సం ఎంత వేయాలో అడగాలి. ఊళ్లోని రైతు సేవా కేంద్రంలో గానీ, ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ సలహా అడగవచ్చు.

మూడు, బడికి ఎరువు పంపేటప్పుడు పొట్లం మీద మూడు అంకెలు రాసి పంపండి. అంకెలు లేని పొట్లాన్ని తోటలోకి రానివ్వకూడదని నియమం పెట్టుకుందాం. పేరు తెలియని మాత్రను బడిలో వేసుకోనివ్వం కదా, ఇది కూడా అంతే.

మట్టి నమూనా తీయడం పిల్లలే చేయగలరు. తోటలో ఎనిమిది, పది చోట్ల పైన చెత్త తీసేసి, 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, గుంట పక్క నుంచి పలుచగా మట్టి గీకాలి. అంతా ఒక గుడ్డ మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయాలి. అర కిలో మిగిలే దాకా ఇలాగే చేసి, నీడలో ఆరబెట్టి, గుడ్డ సంచిలో వేసి, పేరు, ఊరు, తేదీ, ఏం పెంచబోతున్నారో రాసిన చీటీ పెట్టాలి. ఎరువుల సంచిని మాత్రం వాడకూడదు, దానికి అంటిన ఎరువు లెక్కను తారుమారు చేస్తుంది.

ఇంట్లోనే చేయగల చిన్న పరీక్ష కూడా ఉంది. చెంచాడు ఎండుమట్టి మీద వెనిగర్ నాలుగు చుక్కలు వేయండి. బుసబుసా నురగ వస్తే మట్టిలో సున్నం ఉన్నట్టు. అలాంటి ఇంట్లో బూడిద జోలికి పోవద్దు. ఐదో తరగతి పిల్లలు కూడా దీన్ని సరదాగా చేస్తారు.

వచ్చే పేరెంట్ మీటింగ్‌కు మూడు క్యాంపస్‌లలోనూ సైన్స్ ల్యాబ్ ముందు ఒక బల్ల వేసి ఉంచమని కోరుతున్నాను. మీ ఇంట్లో సాయిల్ హెల్త్ కార్డు ఉంటే దాని జెరాక్స్ తెండి. లేకపోతే పైన చెప్పినట్టు తీసిన అర కిలో మట్టి తెండి. ఆ రోజు మీ బాబు గానీ, పాప గానీ మీ ఎదురుగా కూర్చుని ఆ కార్డు చదివి, ఈ ఏడాది మీ పెరటికి పొటాష్ కావాలో వద్దో తానే చెబుతారు. ప్రోగ్రెస్ కార్డుతో పాటు ఆ మాట కూడా విని వెళ్లండి.